రోజుకు ఎన్ని నీళ్లు తాగాలి? తడ ఎండలో నిలబడి ఒక సమీక్ష

రోజుకు ఎన్ని నీళ్లు తాగాలన్న ప్రశ్నకు మన ఇళ్లలో నాలుగు జవాబులు తిరుగుతున్నాయి. ఎనిమిది గ్లాసులని ఒకరంటారు. మూడు లీటర్లని ఇంకొకరు. లేవగానే లీటరుంపావుతో మొదలుపెట్టి అయిదు లీటర్ల దాకా తాగాలని మరొకరు. దాహమైతే తాగు, లేకపోతే ఊరుకో అని పెద్దవాళ్లు. వీటిలో దేని వెనక ఎంత ఆధారం ఉందో, ఏది ఎవరికి వర్తిస్తుందో ఒకచోట పెట్టి చూద్దాం.

చూసే చోటు తడ. పాత నెల్లూరు జిల్లాకు దక్షిణపు కొస, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. తూర్పున పులికాట్ సరస్సు, పడమట శ్రీసిటీ ఫ్యాక్టరీలు, మధ్యలో చెన్నై వెళ్లే జాతీయ రహదారి. మే నెలలో ఒకే మధ్యాహ్నం ఒకతను సరస్సులో నడుం లోతున నిలబడి వల లాగుతుంటాడు. ఒకమ్మాయి ఫ్యాక్టరీలో లైను ముందు ఎనిమిది గంటల షిఫ్టు చేస్తుంటుంది. డెబ్బై అయిదేళ్ల అవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఈ ముగ్గురికీ ఒకే అంకె చెప్పలేం. చెప్పినా అది ముగ్గురిలో ఇద్దరికి తప్పవుతుంది. నీళ్లు తాగమనే సలహాకు మన తీరంలో కొరత లేదు. కొరతంతా తాగదగ్గ నీళ్లకూ, తాగాక వెళ్లడానికి మరుగుదొడ్డికీ. ఆధారాలన్నీ చూశాక నేను చేరిన నిర్ణయం ఇదే.

ఎనిమిది గ్లాసులు ఎక్కడివి?

1945లో అమెరికా జాతీయ పరిశోధన మండలికి చెందిన ఆహార, పోషణ బోర్డు ఒక సిఫారసు చేసింది. పెద్దవాళ్లకు రోజుకు సుమారు రెండున్నర లీటర్ల నీరు కావాలనీ, తినే ప్రతి కేలరీకి ఒక మిల్లీలీటరు చొప్పున లెక్క వేసుకోవచ్చనీ చెప్పింది. ఆ వెంటనే, ఇందులో ఎక్కువ భాగం తినే ఆహారంలోనే దొరుకుతుందని కూడా రాసింది. కాలక్రమంలో మొదటి మాట మిగిలింది, రెండోది జారిపోయింది. రెండున్నర లీటర్లూ గ్లాసులతోనే తాగాలన్నట్టుగా ప్రచారమైంది.

2002లో డార్ట్‌మౌత్ వైద్య కళాశాలకు చెందిన కిడ్నీ నిపుణుడు హైంజ్ వాల్టిన్ ఈ ఎనిమిది గ్లాసుల మాటకు మూలం వెతికారు. ఆరోగ్యంగా ఉండి, సమశీతల దేశంలో పెద్దగా ఒళ్లు అలవని పనిచేసే మనిషి అన్ని నీళ్లు తాగి తీరాలనడానికి శాస్త్రీయ ఆధారం దొరకలేదని రాశారు. ఎండలో కష్టం చేసేవారికీ, కొన్ని జబ్బులున్నవారికీ ఎక్కువ నీళ్లు అవసరమేనని అదే వ్యాసంలో స్పష్టంగా చెప్పారు. ఆ మినహాయింపులో తడ జనాభాలో చాలామంది ఉన్నారు.

ఆ తర్వాత వచ్చిన అధికారిక అంకెలు కూడా ఒకదానితో ఒకటి కలవవు. అమెరికా వైద్య సంస్థ 2004లో మగవారికి 3.7 లీటర్లు, ఆడవారికి 2.7 లీటర్లు అంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2010లో 2.5, 2.0 లీటర్లంది. గర్భిణులకు మరో 300 మిల్లీలీటర్లు, పాలిచ్చే తల్లులకు 700 మిల్లీలీటర్లు కలిపింది. ఇవన్నీ ఆహారంలోని నీటినీ, టీ, కాఫీ, మజ్జిగలనూ కలుపుకున్న మొత్తాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మామూలు ఆరోగ్యవంతులు రోజుకు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు తాగాలనీ, మంచి ఎండల్లోనూ కాయకష్టంలోనూ ఇది పెరుగుతుందనీ తన ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. మన దేశానికి సంబంధించినంత వరకు బయలుదేరే చోటుగా ఈ మాట బాగానే ఉంది. చిక్కంతా రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే గోడలమీద రాయడంతో వస్తోంది.

ఒంటి లెక్క

ఎదిగిన మగవాడి బరువులో దాదాపు అరవై శాతం నీరే. ఆడవారిలో కాస్త తక్కువ. రోజూ మూత్రంగా లీటరున్నర, ఊపిరితోనూ చర్మం గుండానూ తెలియకుండా ముప్పావు లీటరు పైచిలుకు, మలంలో కొంచెం పోతుంది. ఇది నీడలో కూర్చున్న మనిషి లెక్క. చెమట ఇందులో లేదు.

వచ్చే వైపు చూస్తే, మన తిండే సగం నీళ్లు. పావు కిలో అన్నంలో 170 మిల్లీలీటర్ల నీరు ఉంటుంది. పుచ్చకాయలో తొంభై శాతానికి పైన, దోసకాయలో ఇంకా ఎక్కువ. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని పడవెక్కేవాడు గ్లాసు ముట్టకుండానే అర లీటరు దాకా లోపల వేసుకున్నట్టే. అదే మనిషి రెండు పరోటాలు తిని బయలుదేరితే ఆ నీళ్లు బాటిల్లోంచి రావాల్సిందే. టీ, కాఫీ నీళ్లను లాగేస్తాయన్నది మితంగా తాగేవారి విషయంలో నిలబడలేదు. 2014లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంవారు యాభై మంది మగవారి మీద చేసిన పరీక్షలో రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగినప్పుడూ, అంతే నీళ్లు తాగినప్పుడూ ఒంటి నీటి స్థితిలో తేడా కనిపించలేదు.

ఈ రాకపోకలను సరిచూసేది మెదడు. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడగానే హైపోథాలమస్ రెండు పనులు చేస్తుంది. దాహం పుట్టిస్తుంది. వాసోప్రెసిన్ అనే హార్మోను వదిలి, నీళ్లు వెనక్కి పట్టమని కిడ్నీలకు చెబుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉండి, నీడలో పనిచేస్తూ, చేతికందే దూరంలో నీళ్లున్న మనిషికి పెద్దవాళ్ల మాటే సరైన జవాబు: దాహమైతే తాగు.

అయితే దాహాన్ని అందరిలోనూ నమ్మలేం. 1984లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకూ యువకులకూ 24 గంటలు నీళ్లివ్వకుండా చూశారు. వృద్ధుల రక్తం ఎక్కువ చిక్కబడింది, అయినా దాహం వాళ్లకే తక్కువ వేసింది. అరుగు మీది అవ్వ అడగలేదు కదా అని ఊరుకోకూడదు. గంటకోసారి గ్లాసు చేతికివ్వాలి. పసిపిల్లల సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండలోనైనా తల్లిపాలే నీళ్లు. విడిగా నీళ్లుగానీ పంచదార నీళ్లుగానీ పట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇరవై మూడు దేశాల్లో కొలిస్తే

ఈ ప్రశ్న మీద ఇప్పటివరకు వచ్చిన పెద్ద కొలత 2022లో 'సైన్స్' పత్రికలో అచ్చయింది. ఎనిమిది రోజుల పసికందు నుంచి 96 ఏళ్ల వృద్ధుల దాకా, 23 దేశాలకు చెందిన 5,604 మంది ఒంట్లో రోజూ ఎంత నీరు మారుతోందో గుర్తుపట్టదగ్గ హైడ్రోజన్ కలిపిన నీటిని తాగించి లెక్కగట్టారు. ఎవరినీ రోజంతా ఎన్ని గ్లాసులు తాగారని అడిగి రాసుకున్నది కాదు, ఒంట్లోంచి కొలిచినది. ఇరవైల్లో ఉన్న మగవారిలో సగటున రోజుకు నాలుగు లీటర్లకు పైన, ఆడవారిలో మూడు లీటర్లకు పైన నీరు మారుతోంది. ఇదంతా తాగే నీరు కాదు. ఆహారంలోని నీరూ, ఒంట్లో తయారయ్యేదీ ఇందులో ఉన్నాయి. ఆ బృందంలోని అబర్డీన్ శాస్త్రవేత్త జాన్ స్పీక్‌మన్, చాలామందికి రోజుకు లీటరున్నర నుంచి 1.8 లీటర్లు తాగితే సరిపోతుందన్నారు.

మనకు పనికొచ్చేది సగటు కన్నా తేడాల వివరం. వేడి, గాలిలో తేమ, కాయకష్టం, ఒంటి బరువు, గర్భం, పాలివ్వడం నీటి అవసరాన్ని పెంచుతాయి. పేద దేశాల జనంలో, పొలంపని చేసేవారిలో నీటి మారకం సంపన్న దేశాలవారికన్నా ఎక్కువ. ఏసీ గదుల్లో బతికేవారికి రెండు లీటర్లు ఎక్కువనిపిస్తే, ఎండలో బతికేవారికి అదే రెండు లీటర్లు చాలవు. ఒకే అంకెను అందరికీ పంచితే ఎప్పుడూ నష్టపోయేది ఒళ్లు వంచి పనిచేసేవాడే.

తీరంలో చెమట

తడ దగ్గర ఉష్ణోగ్రత రాయలసీమ అంత ఎక్కకపోవచ్చు. కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, కారిపోతుందంతే. ఇలాంటి వాతావరణంలో బరువు పనిచేసే మనిషి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోగొట్టుకుంటాడు. ఆరు గంటల పనికి మూడు లీటర్లు తక్కువ లెక్క. అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ ఎండలో పనిచేసేవారు దాహం కోసం ఎదురుచూడకుండా పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగాలనీ, గంటకు సుమారు 1.4 లీటర్లు మాత్రం దాటవద్దనీ చెబుతుంది. ఇటుక బట్టీలోనో రొయ్యల గుంట గట్టు మీదో పనిచేసేవారికి ఈ సూచన అచ్చంగా సరిపోతుంది.

2015 మే వడగాడ్పుల్లో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో కూలీలు, వృద్ధులు ఎక్కువ. చలివేంద్రం పెట్టి కుండ నీళ్లు, మజ్జిగ పోయడం మన ఊళ్లలో పుణ్యకార్యమన్న పేరుతో సాగుతున్న ప్రాణరక్షణ. మజ్జిగలో చిటికెడు ఉప్పు వేయడం అలవాటుగా వచ్చిందైనా దానికి శాస్త్రం తోడుంది. లీటరు చెమటలో దాదాపు గ్రాము సోడియం పోవచ్చు. దాన్ని ఉత్త నీళ్లు తిరిగివ్వవు. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, నిమ్మరసం ఇస్తాయి.

ఎక్కువైనా ముప్పే

ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు గంటకు ఇంచుమించు లీటరు నీటిని బయటికి పంపగలవు. అంతకు మించి తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్స్, ఒక్కోసారి మరణం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మంది పరుగువీరుల్లో 13 శాతం మందికి సోడియం తగ్గింది. వారిలో ఎక్కువమంది పరుగులో అవసరానికి మించి తాగి బరువు పెరిగినవాళ్లు.

మన దగ్గర ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణరాజు పుస్తకాలు, టీవీ ప్రసంగాలు ఉదయాన్నే నీళ్లు తాగే అలవాటును లక్షల ఇళ్లకు చేర్చాయి. రోజుకు నాలుగైదు లీటర్లు, ఉప్పులేని కూడు అన్నవి ఆయన బోధలో ముఖ్యమైనవి. కూల్‌డ్రింకు మాని నీళ్లకు మళ్లినవారికి అది మేలే చేసింది. కానీ ఉప్పు పూర్తిగా మానేసి, అయిదు లీటర్లు తాగి, రోజంతా ఎండలో చెమటోడ్చడం ప్రమాదం. వయసు మళ్లి, బీపీకి మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వేసుకునేవారికి మరీ ప్రమాదం. గుండె బలహీనపడినవారు, డయాలసిస్ చేయించుకుంటున్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి. పక్కింటివాళ్ల అయిదు లీటర్లు వాళ్లకు విషంతో సమానం.

విరేచనాలప్పుడు వాడే ఓఆర్ఎస్ గురించీ ఒక మాట. లీటరు శుభ్రమైన నీళ్లకు చదునుగా ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ప్యాకెట్టు దొరకనప్పుడు ఇంట్లో కలుపుకునే కొలత ఇది. అట్టపెట్టెల్లో అమ్మే తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని పిల్లలకు చేరుతున్నాయని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార ప్రమాణాల సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

నీళ్లు నయం చేసేవి, చేయలేనివి

ఎక్కువ నీళ్లతో మేలు గట్టిగా రుజువైనది కిడ్నీ రాళ్ల విషయంలో. 1996లో అచ్చయిన ఇటలీ పరిశోధనలో ఒకసారి రాయి వచ్చిన 199 మందిని అయిదేళ్లు గమనించారు. రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం వచ్చేలా తాగినవారిలో రాయి తిరగబెట్టింది 12 శాతం మందికి, మిగతావారిలో 27 శాతం మందికి. మాటిమాటికీ మూత్రంలో మంట వచ్చే ఆడవారి మీద 2018లో మరో పరీక్ష జరిగింది. రోజూ మామూలుకన్నా లీటరున్నర ఎక్కువ తాగినవారికి ఆ బాధ ఏడాదిలో సగటున 1.7 సార్లు వస్తే, అలా తాగనివారికి 3.2 సార్లు వచ్చింది. అదే ఏడాది కెనడాలో 631 మంది కిడ్నీ జబ్బువారి మీద చేసిన పరీక్షలో మాత్రం ఎక్కువ నీళ్లు తాగించినా జబ్బు నెమ్మదించలేదు. చెడిన కిడ్నీని నీళ్లు బాగుచేయలేవు.

మరి చెడకుండా ఆపగలవా? ఈ ప్రశ్న మన శ్రీకాకుళం ఉద్దానానిది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస ప్రాంతాల్లో కొబ్బరి, జీడితోటల మధ్య వేలమంది కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఒక్క కారణం తేలలేదు. ఎండలో పని, తక్కువ నీళ్లు అనుమానితుల్లో ఉన్నాయి. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లోనూ ఇదే తీరు జబ్బు ఉంది. అక్కడ నీళ్లతోపాటు విశ్రాంతి, నీడ కలిపి ఇచ్చిన కార్యక్రమాల్లో కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గింది. నీళ్ల బాటిలు ఒక్కటే ఇచ్చి పని గంటలు తగ్గించకపోతే ప్రయోజనం కొంతే. ఉద్దానానికి హిరమండలం జలాశయం నుంచి శుద్ధి చేసిన నీళ్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

ఎన్ని అనే ముందు, ఏ నీళ్లు?

లీటర్ల లెక్కను మార్చేసే విషయం ఇది, చాలా సమీక్షల్లో కనిపించదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. షార్ట్, పండిట్, రాఘవాచారి రాసిన ఆ నివేదికలో వంగిన నడుములు, బిగిసిన కీళ్లు ఉన్న రైతులున్నారు. ఆ తర్వాత నల్గొండ పేరు లోకానికి తెలిసింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పెద్దవాళ్లు రోజుకు రెండు లీటర్లు తాగుతారన్న ఊహ మీద నిలబడిన హద్దు అది. నాలుగు లీటర్లు తాగే కూలీకి అదే నీటి నుంచి రెట్టింపు ఫ్లోరైడ్ చేరుతుంది. ఎక్కువ తాగమన్న సలహా అక్కడ జబ్బును పెంచుతుంది.

తీరంలో ఫ్లోరైడ్ స్థానంలో ఉప్పు ఉంది. పులికాట్ ఉప్పుకయ్య. దాని ఒడ్డు ఊళ్లలో బోరు కాస్త లోతుకు దిగితే ఉప్పునీళ్లు తగులుతాయి. భీములవారిపాలెం రేవు నుంచి పడవ మీద వెళ్లే ఇరకం దీవి చుట్టూ కనుచూపు మేర నీళ్లే, తాగేందుకు పనికొచ్చేవి కావు. బంగ్లాదేశ్ తీరంలోని దాకోప్‌లో గర్భిణుల మీద జరిగిన పరిశోధనలో, తాగునీటిలో ఉప్పు పెరిగే వానలు లేని నెలల్లో వారికి రక్తపోటు ఎక్కువగా కనిపించింది. మన తీరానికీ అది హెచ్చరికే. నీళ్లు ఉప్పగా ఉంటే మనిషి తక్కువ తాగుతాడు, తాగిన కొద్దీ ఉప్పు ఎక్కుతుంది. ఇరవై లీటర్ల క్యాను కొనగలిగిన ఇంట్లో ఈ చిక్కు లేదు. అది కొనలేక తాగడానికి బోరు నీళ్లే వాడే ఇంట్లో ఉంది.

గ్లాసుకూ మరుగుదొడ్డికీ మధ్య

నీళ్లున్నా తాగనివాళ్లున్నారు. నాట్లకు పోయే ఆడకూలీ, రోడ్డు పనిలో తట్ట మోసే ఆమె, మరుగుదొడ్డి పాడైన బడిలో చదివే పిల్ల. పొద్దున్న ఒక గ్లాసు తాగి, పెదవులు ఎండుతున్నా మళ్లీ ఇంటికి వచ్చేదాకా ముట్టరు. బయట వెళ్లే చోటు లేదు, ఉన్నా తలుపుకు గడియ లేదు. తెలియక చేసే పని కాదిది, మర్యాద కాపాడుకోవడానికి ఆలోచించి చేసే పని. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య విద్యాసంస్థకు చెందిన విద్యా వేణుగోపాల్ బృందం తమిళనాడులోని పనిచోట్ల ఈ విషయాన్నే పరిశోధించింది. వేడిలో పనిచేసే ఆడవారు మరుగుదొడ్డి లేక నీళ్లు మానుకోవడం, వడదెబ్బ లక్షణాలు, మూత్రనాళ బాధలు కలిసి నడుస్తున్నట్టు చూపింది.

చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1948 ఫ్యాక్టరీల చట్టం పద్దెనిమిదో సెక్షనులో తాగునీటినీ, ఆ వెంటనే పందొమ్మిదో సెక్షనులో మరుగుదొడ్లనూ పెట్టింది. 250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలంలో చల్లటి నీళ్లు ఇవ్వాలంది. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ ఉండాలంది. 2019లో కేరళ బడుల్లో మొదలైన 'వాటర్ బెల్' ఈమధ్య మన బడులకూ వచ్చింది. మంచి పని. ఆ గంట మోగినప్పుడు తాగిన ఆడపిల్ల గంట తర్వాత వెళ్లడానికి శుభ్రమైన గది కూడా ఉండాలి.

తీర్పు

ఆధారాలన్నీ కలిపితే తేలేది ఇది. నీడలో ఉండే ఆరోగ్యవంతులు దాహాన్ని నమ్ముకోవచ్చు, రెండు లీటర్లు అటూ ఇటూ చాలు. ఎండలో పనిచేసేవారు దాహానికి ముందే, కొద్దికొద్దిగా, గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా తాగాలి. అందులో కొంత ఉప్పు వేసిన మజ్జిగో గంజో కావాలి. వృద్ధులకు అడగకుండానే ఇవ్వాలి. రాళ్లు వచ్చినవారు మూత్రం రెండు లీటర్లు దాటేలా తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులవారు డాక్టరు మాట దాటకూడదు. ఎవరికైనా మూత్రం లేత గడ్డి రంగులో, రోజుకు ఆరేడు సార్లు వస్తుంటే సరిపోతున్నట్టు లెక్క. చిక్కటి పసుపులో కొద్దిగా వస్తుంటే చాలనట్టు. బీ కాంప్లెక్స్ మాత్రలు వేసుకున్న రోజు మాత్రం రంగును నమ్మవద్దు.

మిగిలినది వ్యక్తి చేతిలో లేదు. పంచాయతీలకు, బడి కమిటీలకు, మేస్త్రీలకు, ఫ్యాక్టరీ నడిపేవారికి నా విన్నపం ఒక్కటే. నీళ్లు బాగా తాగండని బోర్డు రాయించే ముందు ఆ నీటిని పరీక్ష చేయించి ఫలితం అందరికీ కనిపించేలా అంటించండి. పనిచేసే చోటికి నడిచి రెండు నిమిషాల్లో చేరే దూరంలో చల్లటి నీళ్లు పెట్టండి. తాగడానికి గంటకోసారి కూలి కోయకుండా విరామం ఇవ్వండి. ఆడవాళ్లకు గడియ పడే తలుపున్న మరుగుదొడ్డి కట్టించండి. ఈ నాలుగూ ఉన్న చోట ఎన్ని లీటర్లు తాగాలో ఎవరికీ నేర్పనక్కర్లేదు.